బురదనెత్తురు, దుమ్ముకాళ్ళు

అబర్డీన్,
ఫిబ్రవరి

మీనా వదినకి,

క్షేమం. ఇక్కడ సముద్రపు గాలికి వీధి తలుపు తియ్యాలంటే భుజం అరిగిపోతోంది. ఫోన్ చేద్దామనుకున్నాను గాని, నా చెవులకి ఇప్పుడు నువ్వు అరిచినా గొణిగినా ఒకటే. అందుకే ఉత్తరం.

గిడియన్ టైట్ కబురు పెట్టాడు. మన ఆల్డ్‌హోప్ ఎల్లల సవారీ కమిటీకి ఇప్పుడు వాడే అధ్యక్షుడట గదా. చిన్నప్పుడు బళ్ళో నా జడ బల్లకి కట్టేసినవాడు. ఈ జూన్‌లో గుర్రాలు బయలుదేరేముందు సంత స్తంభం మెట్లెక్కి ఊరి కథ చెప్పమని నన్ను అడిగాడు. ఆడదాని చేత చెప్పించడం ఇదే మొదలట. రాజు పట్టా ఇచ్చి ఎనిమిది వందల ఏళ్ళు నిండుతున్నాయి కాబట్టి జనం కూడా విరగబడి వస్తారట. కాగితం చూడకూడదు. మఠం సన్యాసుల దగ్గర మొదలుపెట్టి, మొన్న మూతపడ్డ బ్యాంకు దాకా పావుగంటలో చెప్పెయ్యాలి.

నాకేం తెలుసు వదినా? ఊరు వదిలి అరవై ఏళ్ళు కావొస్తోంది. డంకన్ బతికున్నన్నాళ్ళూ మా ఇంట్లో చరిత్ర అంటే పడవ ఇంజన్ల చరిత్రే. నువ్వేమో ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠం చెప్పినదానివి. నాలుగు పేజీలు రాసి పంపావంటే బట్టీ పట్టేస్తాను. నీకిదెంత పని.

వాల్టర్ అన్నయ్య ఉంటే ఎంత పొంగిపోయేవాడో.

నెట్టా


ఆల్డ్‌హోప్,
ఫిబ్రవరి నెలాఖరు

నెట్టాకి,

నీ ఉత్తరం అందింది. అభినందనలు. ఈ ఒక్క మాట రాయడానికి రెండుసార్లు టీ పెట్టుకోవలసివచ్చింది. అయినా రాశాను, చూడు.

నీకేం తెలుసని అడిగావు. తెలియనక్కర్లేదు. కావలసింది నీకు పుట్టుకతోనే వచ్చింది. ఎల్లరాళ్ళ లోపల పుట్టినవాళ్ళు బురదనెత్తురువాళ్ళు, బయటినుంచి వచ్చినవాళ్ళు దుమ్ముకాళ్ళవాళ్ళు. స్తంభం మెట్లెక్కాలంటే బురదనెత్తురే ఉండాలి. నేను పుట్టింది ఆరు మైళ్ళ అవతల స్టెయిన్‌రిగ్‌లో. మీ అన్నయ్యని కట్టుకుని ఇరవై రెండో ఏట ఈ ఊరికి కోడలినై వచ్చాను. వచ్చాక ఈ ఊళ్ళో సగంమందికి చదువు చెప్పాను, తక్కిన సగం నేర్చుకోలేదు. ఇంతచేసినా నా కాళ్ళ దుమ్ము ఇంకా రాలలేదట.

ఆడవాళ్ళని మెట్లెక్కనివ్వమని కమిటీతో పోట్లాడిందెవరో గిడియన్ నీకు చెప్పి ఉండడు. పోయిన అక్టోబరులో ఒప్పుకున్నారు. ఒప్పుకున్న మర్నాడే ఎడిన్‌బరో వెళ్ళి ముదురాకుపచ్చ కోటు ఒకటి కొన్నాను. పుట్టుక నిబంధనని కూడా సడలిస్తారేమోనని ఆశ. సడలించలేదు. సొమ్మొకడిది, సోకొకడిది. చదువుకున్నదానికి అసూయ ఉండకూడదంటారు. చదువు అసూయకి మందు కాదు నెట్టా. దానికి మంచి వాక్యాలు నేర్పుతుంది, అంతే.

ఇక పాఠం రాసుకో.

మొదట గొర్రెలు, ఆ తర్వాతే మనుషులు. మఠం సన్యాసులు కొండలనిండా గొర్రెల్ని పెంచి, ఉన్ని సముద్రం అవతలి వర్తకులకి అమ్మేవాళ్ళు. దణ్ణం పెట్టిన చేత్తోనే తక్కెడ పట్టేవాళ్ళు. గొర్రెల వెనక ఊరొచ్చింది. రాజుగారు సంత పెట్టుకోమన్నాడు, చుట్టూ ఉన్న బీడంతా మీదేనని పట్టా రాసిచ్చాడు. పక్క ప్రభువులు ఆ బీడులోకి ఏటా కాస్త కాస్త జరుగుతుంటే, మనవాళ్ళు ఏటా ఒకసారి గుర్రాలెక్కి ఎల్లరాళ్ళు కదిలాయో లేదో చూసుకురావడం మొదలుపెట్టారు. ఇప్పుడు మనం పండగ అంటున్నది అసలుకి పొరుగువాడి మీద అనుమానం.

ఆ పైన ఇంగ్లీషువాళ్ళు. తగలబెట్టారు, కట్టుకున్నాం. మళ్ళీ తగలబెట్టారు, మళ్ళీ కట్టుకున్నాం. ఐదొందల ఏళ్ళ కిందట వాళ్ళమీద ఫ్లాడెన్ యుద్ధానికి వెళ్ళిన మన మగవాళ్ళలో తిరిగొచ్చినవాళ్ళని ఒక్క భోజనాల బల్ల చుట్టూ కూర్చోబెట్టొచ్చు. ఆ మరుసటి ఏడు ఎల్లలు చూడ్డానికి గుర్రాలూ లేవు, ఎక్కే మగాళ్ళూ లేరు. విధవలు నడిచి వెళ్ళి చూసొచ్చారు. నేను గిడియన్‌కీ, వాడికి ముందు వాడి నాన్నకీ చెప్పీ చెప్పీ అలిసిపోయిన సంగతి ఇదే. ఎల్లలు కాయడానికి పనికొచ్చిన ఆడది మెట్లెక్కడానికి పనికిరాదా అని అడిగాను. "అది కష్టకాలం మీనా" అన్నాడు ఆ పెద్దాయన. కష్టకాలం కాని ఏడు ఒకటి చూపించమన్నాను. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పటికింతే. మిగతాది నా మనసు కుదుటపడ్డాక.

మీనా


అబర్డీన్,
మార్చి

వదినా,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానో. అనుమానం ముక్క అక్షరం వదలకుండా బట్టీ పట్టాను. స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి చెబుతుంటే పైవాటా ఆవిడ తలుపు కొట్టి, ఎవరితో పోట్లాడుతున్నావని అడిగింది.

ఎల్లల సవారీ పత్రికవాళ్ళు నా ఫొటో అడిగారు. పెళ్ళిదేనా, ఇప్పటిదేనా అని అడిగితే రెండూ పంపమన్నారు. కమిటీ నాకు నీలం పట్టీ ఒకటి పంపింది, భుజం మీదుగా వేసుకోవాలి. నీ ఆకుపచ్చ కోటు మీదకైతే బాగా నప్పుతుంది. ఎలాగూ బీరువాలోనే ఉంటుంది గదా, ఆ ఒక్కరోజుకీ ఇవ్వకూడదూ?

నువ్వు ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఆ ఊరు విడిచి ఎన్నేళ్ళయినా, పుట్టిన మట్టి అరికాళ్ళ కింద తగులుతూనే ఉంటుంది. ఇది పుస్తకాలు చదివితే తెలిసేది కాదు. అక్కడ పుట్టినదానికే తెలుస్తుంది. గిడియన్ నన్నెందుకు అడిగాడో ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

రెండో భాగం తొందరగా పంపు.

నెట్టా


ఆల్డ్‌హోప్,
ఏప్రిల్

నెట్టాకి,

కోటు ఇవ్వను.

రెండో భాగం. ఫ్లాడెన్ తర్వాత వందేళ్ళు సరిహద్దు దొంగతనాలు. గుర్రమెక్కి వెళ్ళి పక్క ఊరి పశువుల్ని తోలుకురావడం మర్యాదస్తుల వృత్తి. అందులో మీ లెయిడ్‌లా వంశం పేరుమోసింది. మా స్టెయిన్‌రిగ్ నుంచి మీవాళ్ళు తోలుకొచ్చిన ఆవులతో పోలిస్తే నన్ను తెచ్చుకోవడం చాలా మర్యాదగా జరిగింది.

మతం మారింది, మఠం కూలింది. రాళ్ళు ఊరికే పోనిస్తామా, ఇళ్ళు కట్టుకున్నాం. మన బట్టలుతికే గది గోడలో ముక్కులేని దేవదూత ముఖం అక్కణ్ణుంచి వచ్చిందే. ఆ తర్వాత నది ఒడ్డున ఒకావిణ్ణి మంత్రగత్తె అని కాల్చారు. ఆవిడ చేసిన మంత్రమల్లా చర్చి పెద్దకి ఎదురు చెప్పడం. నేను ఆలస్యంగా పుట్టి బతికిపోయాను.

పిమ్మట మిల్లులు. నదినీళ్ళు అద్దకాన్ని బట్టి ఒకరోజు ఎర్రగా, ఒకరోజు నీలంగా పారేవి. మన ఉన్నిగుడ్డ లండన్ దొరల వీపులకెక్కింది. దాన్ని నేసినవాళ్ళు దగ్గుతో పోయారు. రైలొచ్చింది, రైలు పోయింది. మిల్లులు ఒకటొకటే మూతపడ్డాయి. ఇప్పుడు వాటిలో వేసవికి వచ్చిపోయేవాళ్ళకి అద్దె గదులు. నేత గది కిటికీలో వైను గ్లాసులు. సంతవీధిలో బ్యాంకు పోయి తుర్కీ మంగలి వచ్చాడు. బ్యాంకువాళ్ళకంటే మంచిగా పలకరిస్తాడు. కొండమీద గొర్రెలున్నచోట గాలిమరలు తిరుగుతున్నాయి. ఇక్కడితో ఆపు. దేశభక్తి జోడించకు.

పాఠం అయింది. ఇప్పుడు నీ మట్టి సంగతి.

ఆ మాట మూడురోజులు నమిలాను. మింగుడుపడలేదు, అందుకే కక్కుతున్నాను. నువ్వు ఆల్డ్‌హోప్‌లో పుట్టలేదు నెట్టా. నాలాగే స్టెయిన్‌రిగ్‌లో పుట్టావు. నలభై ఏడు చలికాలంలో బొగ్గు లేక మన ఊరి మిల్లు మూసేస్తే, మీ అమ్మ ఎవరికీ చెప్పకుండా పక్క ఊరి మిల్లుకి రఫూ పనికి వెళ్ళింది. పొరుగూరి మిల్లులో పని చెయ్యడం అప్పట్లో పరువుతక్కువ. అక్కడే నొప్పులొచ్చాయి. నిన్ను బొగ్గు లారీలో ఇంటికి తెచ్చారు. అత్తయ్య నాకు తన నోటితో చెప్పింది. ఇన్నేళ్ళూ కడుపులో పెట్టుకున్నాను. నీ అరికాళ్ళ కింద తగిలే మట్టి ఏ ఊరిదో ఒకసారి కడుక్కుని చూసుకో.

మీనా


అబర్డీన్,
ఏప్రిల్

వదినా,

అమ్మ నీకు చెప్పింది. నాకు చెప్పలేదు.

మిగతాదంతా నీ ఉత్తరంలో ఏముందో నాకు సరిగ్గా కనిపించలేదు.

నెట్టా


ఆల్డ్‌హోప్,
మే మొదటివారం

నెట్టాకి,

నీ ఆ రెండు ముక్కల ఉత్తరం వచ్చాక ఇది నేను రాసే మూడో ఉత్తరం. ముందు రెండూ జవాబు లేకుండా ఉన్నాయి. నీకు తెలుసనుకున్నాను. తెలిసీ దాచుకున్నావని, పైగా నా ముందు మట్టి గురించి గొప్పలు పోతున్నావని ఒళ్ళు మండింది. నీకు తెలియదని ఒక్క క్షణం తోచినా రాసేదాన్ని కాదు. ఈ మాట నిజమేనా అని నన్ను నేను అడుగుతూ ఉన్నాను. జవాబు రోజుకొకలా వస్తోంది.

నేనెవరికీ చెప్పలేదు. చెప్పను. వచ్చి మాట్లాడు.

మీనా


అబర్డీన్,
మే

వదినా,

గిడియన్‌కి నేనే చెప్పేశాను. ఎల్లరాళ్ళ లోపల పుట్టలేదని తెలిసి కూడా ఆ మెట్ల మీద నిలబడి ఎనిమిది వందల ఏళ్ళు మావి అని ఎలా అంటాను? పట్టీ తిరిగి పంపుతానన్నాను. కమిటీ కూర్చుని ఆలోచిస్తుందట. ఆలోచించేదేముంది, పాతపద్ధతిలో వాడే ఎక్కుతాడు. నీకు మనశ్శాంతి.

ఒక్కటి అడుగుతాను. పెళ్ళయి వెళ్ళాక నేను అమ్మకి ప్రతి ఆదివారం ఉత్తరం రాసేదాన్ని. ఆవిడ జవాబులో వాన, కూరల తోట, చర్చి. ముప్పై ఏళ్ళు నాకు వాతావరణం రాసింది. నీకేమో వంటింట్లో అంట్లు తోముతూ అసలు కబుర్లు చెప్పింది. కోడలి కడుపులో పెట్టిన మాట కూతురి చెవిన వెయ్యలేదు. నేను నీ మెట్లు లాక్కున్నానని ఏడుస్తున్నావు. నువ్వు నా వంటింట్లో నా కుర్చీలో కూర్చున్నావు వదినా, దానికి నేనెవర్ని అడగాలి?

నెట్టా


ఆల్డ్‌హోప్,
మే

నెట్టాకి,

దీన్ని నిలబడి చదవకు, కూర్చుని చదువు.

నిన్న కమిటీ కూర్చుంది. పిలవని పేరంటానికి నేనూ వెళ్ళాను. గిడియన్ బిస్కట్ల పళ్ళెం నావైపు జరిపాడు. వాడు మెత్తబడ్డాడంటే ఏదో గట్టిది రాబోతోందన్నమాట.

"నియమం నియమమే మీనా. ఈ ఏడు నేనే చెప్పేస్తాలే. పోయినేటిది ఇంకా నోట్లోనే ఉంది" అన్నాడు.

"పోయినేడు సగంలో మర్చిపోయి బ్యాండు వాయించమన్నావు" అన్నాను.

"గాలికి మైకు వినపడలేదు."

"సరే. ఈ ఏడు జెండా పట్టుకుని ముందు గుర్రమెక్కేది నీ మనవడే గదా. దానికీ బురదనెత్తురే కావాలి గదా. వాడెక్కడ పుట్టాడు?"

"ఆసుపత్రిలో. ఇంకెక్కడ పుడతారు?"

"ఏ ఊరి ఆసుపత్రి?"

గిడియన్ టీ కప్పులోకి చూశాడు. నేను బల్ల చుట్టూ చూశాను. మన ఊరి పురిటి ఆసుపత్రి మూసేసి అరవై ఏళ్ళు దాటింది. అప్పటినుంచి ఆల్డ్‌హోప్ పిల్లలందరూ స్టెయిన్‌రిగ్ ఆసుపత్రిలోనే పుడుతున్నారు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఏటా జెండా మోసినవాడు, వాడి పక్కన స్వారీ చేసినవాడు, నియమం గురించి పాట పాడినవాడు, అందరూ మా ఊళ్ళో పుట్టి మీ ఊరి బురద పూసుకున్నవాళ్ళే. "ఈ బల్ల దగ్గర నిజమైన బురదనెత్తురు నువ్వొక్కడివీ, ఆ గోడమీది పటంలో మీ నాన్నా, అంతే గిడియన్" అన్నాను. ఎవరో దగ్గారు.

"అది వేరు మీనా" అన్నాడు వాడు.

"వేరెలా? పొత్తిళ్ళలో ఎత్తుకొచ్చిన నీ మనవడు ఊరివాడైతే, పొత్తిళ్ళలో ఎత్తుకొచ్చిన నెట్టా ఎందుక్కాదు? కారులో వస్తే ఒకటీ, బొగ్గు లారీలో వస్తే ఒకటీనా?"

చాలాసేపు గొణుక్కున్నారు. చివరికి పసిగుడ్డుగా ఊళ్ళోకి వచ్చినవాళ్ళు ఊళ్ళో పుట్టినవాళ్ళతో సమానమని తీర్మానించారు. తీర్మానం రాస్తూ గిడియన్ తలెత్తి నావైపు చూశాడు. "పసిగుడ్డుగా అన్నాం మీనా. నడిచొచ్చినవాళ్ళు దుమ్ముకాళ్ళే, ముందే చెబుతున్నా." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పళ్ళు కనిపించేటంత కాదు.

అపార్థం చేసుకోకు. నీకోసం చెయ్యలేదు. నువ్వు దిగితే ఎక్కేది గిడియన్. ఆ తలుపు మళ్ళీ మూసుకుంటే మరో ఐదొందల ఏళ్ళకిగాని తెరుచుకోదు, నాకంత తీరిక లేదు. ఆ మెట్లమీదికి నిన్ను నా నోటితోనే ఎక్కించాను, అదే నోటితో నాకు గొళ్ళెం పెట్టుకున్నాను. ఇంటికొచ్చి కోటు తీసి వేసుకుని, అద్దంలో చూసుకుని, మళ్ళీ తీసి పెట్టాను.

పట్టీ తిరిగి పంపకు. పద్నాలుగో తారీకు బస్సుకి రా. పడక వేసి ఉంచుతాను.

మీనా


అబర్డీన్,
జూన్ నెలాఖరు

వదినా,

క్షేమంగా చేరాను. నీ ఇంట్లో రెండురోజులున్నాను. ఇద్దరం ఓట్స్ గంజి గురించి, గుర్రాల పేడ గురించి మాట్లాడుకున్నాం. అసలు సంగతి నీ ముఖం చూస్తూ అడగలేకపోయాను. అడిగినా జవాబు నా చెవికి సరిగ్గా చేరదు. అలాంటి మాట రెండోసారి గట్టిగా చెప్పించుకోవడం నాకిష్టం లేదు.

మెట్లమీద నిలబడ్డప్పుడు నాకు జనం కనిపించలేదు. మాంసం దుకాణం ముందు నువ్వు కనిపించావు. నా పెదాలకంటే నీ పెదాలు ముందు కదులుతున్నాయి. అనుమానం మాట దగ్గర జనం నవ్వారు. మంత్రగత్తె దగ్గర చర్చి పెద్ద కూడా నవ్వాడు. విధవలు నడిచివెళ్ళిన చోట ముందు వరుసలో ఆడవాళ్ళు టోపీలు తీశారు. అది నువ్వు రాయలేదు, నేనూ చెప్పలేదు, వాళ్ళకే తోచింది.

దిగాక అందరూ, నెట్టాకి ఎంత నోరుందో అన్నారు. అది మా వదిన నోరు అని చెప్పబోయాను. చెప్పలేదు. ఒక్క పూట నాదే అనుకోనిచ్చాను. నీకది ఎంత మండి ఉంటుందో నాకు తెలుసు, తెలిసే ఊరుకున్నాను. మర్నాడు గిడియన్‌కి చెప్పాను. "తెలుసులే, మాకు ముప్పై ఏళ్ళుగా అలవాటైన నోరే" అన్నాడు.

నీకు కావలసినది నాకిచ్చారు. నాకు కావలసినది నీ దగ్గరుంది. అమ్మ ఆ రోజు ఏం చెప్పింది? కోపంలో కక్కినట్టు కాదు, మొత్తం చెప్పు.

నెట్టా


ఆల్డ్‌హోప్,
జూలై

నెట్టాకి,

బాగా మాట్లాడావు. నాకంటే బాగా. నేనైతే ప్రతి నవ్వు దగ్గరా ఆగి ఇంకో మాట అనేదాన్ని, పావుగంట ముప్పావుగంట అయ్యేది. అసూయ తగ్గిందా అని అడగకు. తగ్గలేదు. దాంతో కాపురం అలవాటైంది.

ఇక అత్తయ్య మాట. నువ్వు డంకన్ వెంట అబర్డీన్ బస్సెక్కిన రోజున చెప్పింది. నేను కాపురానికొచ్చి మూడునెలలు. బస్సు మలుపు తిరిగాక కూడా ఆవిడ సంతవీధిలోనే నిలబడింది. వాన మొదలైంది. లోపలికి రండి అత్తయ్యా అంటే రాలేదు. అంతవరకూ నాతో పట్టుమని పది మాటలు మాట్లాడని మనిషి నా చెయ్యి పట్టుకుంది.

స్టెయిన్‌రిగ్ మిల్లులో కిటికీ పక్క బల్ల దగ్గర నలుపు గుడ్డమీద ముడులు తీస్తున్నదట. నొప్పులొస్తే చెప్పలేదట, పక్క ఊరిది పనికిరాదంటారని. ఉన్ని మూటల మీద పడుకోబెట్టారు. అక్కడి రఫూ ఆడవాళ్ళే నిన్ను తీశారు. వాళ్ళలో ఒకావిడ తన శాలువా చింపి నిన్ను చుట్టి, ఇది మా ఊరి పిల్ల, ఉంచేసుకుంటాం అందట. మీ అమ్మ నిన్ను గట్టిగా హత్తుకుని, లేదు, ఇది మా ఊళ్ళోనే ఉంటుంది అందట. లారీలో మీ నాన్న కోటు మీ ఇద్దరి మీదా కప్పాడు. ఎల్లరాయి దాటేదాకా ఆవిడ నీ ముఖం మీద గుడ్డ తియ్యలేదు.

నీకు ఎందుకు చెప్పలేదో నేనడిగాను. తెలిస్తే ఈ ఊరు తనది కాదనుకుని ఎక్కడికైనా పోతుందేమోనని భయమేసింది అంది. ఆ తర్వాత ఇంకో మాట అంది. కోపంలో నీకు అన్నీ రాశాను గాని అది రాయలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నాకిచ్చిన మొదటి మాట అది. నీ గురించే అయినా, నాదని ఇన్నేళ్ళూ దాచుకున్నాను. ఇప్పుడు నీకిస్తున్నాను, తీసుకో.

బస్సు వెళ్ళిన దారివైపే చూస్తూ అంది: "ఊళ్ళో కని ఉంటే ఉండేదేమోనే మీనా."

నీ వదిన